రవ్వ ఎగరని నెగడు

1944 డిసెంబరు మొదటి వారంలో నన్ను తిరుపతి నుంచి కార్వేటినగరం కొండల వైపు ఒక అటవీ రేంజికి రేంజరుగా బదిలీ చేశారు. అంతకుముందు రెండేళ్లు అలిపిరి పైనున్న అడవుల్లో మరొక రేంజరుగారి కింద పని నేర్చుకున్నాను. సొంతంగా ఒక రేంజి చేతికి రావడం అదే మొదటిసారి. అప్పుడు నాకు ఇరవై ఏడేళ్లు. ఖాకీ నిక్కరు, మోకాళ్ల దాకా మేజోళ్లు, చంకలో అటవీ శాఖ నియమావళి. ఆ పుస్తకంలో లేనిదేదీ అడవిలో ఉండదని నా గట్టి నమ్మకం.

మా శాఖలో మెట్లు ఎలా ఉండేవో ముందు చెప్పాలి. జిల్లాకు పెద్ద డి.ఎఫ్.ఓ., అంటే జిల్లా అటవీ అధికారి. ఆయన కింద రేంజర్లు, రేంజరు కింద ఫారెస్టర్లు, వాళ్ల కింద గార్డులు. గార్డుకు కూడా కింద, శాశ్వత ఉద్యోగుల పట్టీలో పేరు లేకుండా, అగ్గి భయం ఉన్న నెలల్లో మాత్రమే పనిచేసేవాడు ఫైర్ వాచరు. జనవరిలో గడ్డి ఎండగానే కొండ నడుము వెంట ఒక బాట వెడల్పున గడ్డీ పొదలూ కొట్టేసి, మేమే దగ్గరుండి కాల్చి, బోడినేల చేస్తాం. దాన్ని ఫైర్ లైను అంటారు. ఒక పక్క మంట లేస్తే రెండో పక్కకు దాటకుండా అదే అడ్డం. ఆ లైను కనపడే ఎత్తయిన బండ మీద గుడిసె వేసుకుని, ఎక్కడ పొగ లేచినా గార్డుకు కబురు పంపడం వాచరు పని. లైను పని మొదలైన నాటి నుంచి వానలు పడేదాకా అడవిలో ఎవరూ బయట మంట వేయకూడదు. చలిమంట సంగతి అటుంచి, బీడీ కూడా ముట్టించకూడదు. ఆ జనవరిలో వాచర్లు గుడిసెలు వేసుకున్న వారంలోనే ఈ ఉత్తర్వును నా రేంజిలోని నాలుగు గుడిసెలకూ అతికించి వచ్చాను. నలుగురు వాచర్లలో ఒక్కడికీ చదువు రాదన్న సంగతి అతికించాక తెలిసింది.

ఆ నలుగురిలో పెద్దవాడు మునస్వామి. యాభై దాటిన మనిషి. పద్నాలుగేళ్లుగా ఏటా అదే గుడిసెలో అదే పని. జనవరి మూడో వారంలో ఒకనాటి ఉదయం అతను కొండ దిగి నేరుగా నా ఆఫీసుకు వచ్చాడు. కనుబొమలు కాలిపోయి ఉన్నాయి. పంచె నిండా మసి.

“సామీ, నా సేతిలో అగ్గి తప్పినాది. ఇప్పుడైతే ఆర్పేసినా. మీకు సెప్పిపోదామని వచ్చినా” అన్నాడు.

జరిగింది ఇది. తెల్లవారుజామున చలికి తట్టుకోలేక గుడిసె ముందు మూడు రాళ్ల మధ్య నాలుగు పుల్లలు ముట్టించుకున్నాడు. గాలి తిరిగింది. ఒక రవ్వ ఎగిరి గడ్డిలో పడింది. ఒక కళ్లం మేర కాలింది. పచ్చి కొమ్మలు విరిచి ఒక్కడే కొట్టి కొట్టి ఆర్పాడు. అతను వచ్చి చెప్పకపోతే ఆ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. నేను మాత్రం నియమావళి ప్రకారం రిపోర్టు రాసి ఆ సాయంత్రమే టపాలో వేశాను. అక్షరాలు గుండ్రంగా కుదిరాయని మురిసిపోయానని కూడా ఒప్పుకోవాలి.

నాలుగో రోజుకు డి.ఎఫ్.ఓ. గారి నుంచి జవాబు వచ్చింది. సదరు వాచరు పేరు జాబితా నుంచి కొట్టివేయుటకు అభ్యంతరమేమైనా ఉన్నచో తెలుపవలెను, కాలిన మేర కొలిచి పటం జతపరచవలెను అని. కొలత గొలుసు తీసుకుని సాయంత్రానికి కొండెక్కాను. పని ముగిసేసరికి పొద్దుపోయి ఆ గుడిసెలోనే పడుకున్నాను. తెల్లవారేసరికి నా సంగతి చూడాలి. రెండు కంబళ్లు కప్పుకుని కూడా పళ్లు టకటకలాడుతున్నాయి. పటంలో దిక్కులు గుర్తించడానికి పెన్సిలు పట్టుకుంటే వేళ్లు పట్టు ఇవ్వలేదు. మునస్వామి ఒక్క గొంగడి చుట్టుకుని, ఫైర్ లైను వైపు చూస్తూ కూర్చుని ఉన్నాడు.

పద్నాలుగేళ్లు ఎలా గడిపావని అడిగాను. చెప్పడానికి కొంచెం మొహమాటపడ్డాడు.

“పాత రేంజరు సాములంతా సూసీ సూడనట్టు పోతా ఉండినారు సామీ. మీరే కాయితం అంటించినారు.”

ఉద్యోగం పోతే ఏం చేస్తావని కూడా అడిగాను. ఈ ఆరు నెలల జీతమే తన ఇంటికి ఏడాది కూడు అన్నాడు. వాన పడితే ఉన్న రొంత చేలో శెనక్కాయ పండుతుంది, పడకపోతే లేదు. ఈ మాట ఏడుపు గొంతుతో చెప్పలేదు, దారి అడిగినవాడికి దారి చెప్పినట్టు చెప్పాడు. గుండ్రటి అక్షరాల రిపోర్టు నాదే కదా.

ఆ గుడిసె మూలలో పక్కన చిల్లు పడిన ఒక ఓటికుండ ఉంది. గాలికి దీపం ఆరిపోకుండా బుడ్డిని అందులో పెట్టుకునేవాడు. దాన్ని చూస్తుంటే నాకు ఒక ఆలోచన తట్టింది. దీపానికి కుండ కాపలా అయితే, మంటకు పెద్ద కుండ ఎందుకు కాకూడదు? కడుపులో మంట, ముందు ఒక నోరు, పైన పొగ పోవడానికి మెడ. బయట మంట వేయరాదన్నది నియమం. ఇది లోపలి మంట. నియమావళిలో ఇంత పెద్ద సందు ఉందని కనిపెట్టినందుకు నాకు నేనే తెగ నచ్చాను.

వాచరును తీసేయవద్దని సిఫారసు చేస్తూ డి.ఎఫ్.ఓ. గారికి ఆ ప్రకారం రాశాను. ఫిబ్రవరి మూడో సోమవారం తాము ఆ కొండకు తనిఖీకి వస్తామని, ఆ రోజు తమ ఎదుట వెలిగించి చూపవలెనని, ఒక్క రవ్వ ఎగిరినా వాచరును తొలగించెదమని జవాబిచ్చారు. మీ సిఫారసు మీ ఫైలులోనే ఉంచబడును అని కింద ఇంకొక వాక్యం. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆ చివరి వాక్యం అర్థం కావడానికి నాకు ఎవరి సాయమూ అక్కరలేదు.

కార్వేటినగరం దగ్గర పల్లెలో చెంగప్ప అనే కుమ్మరి ఉన్నాడని గార్డు చెప్పాడు. గళ్ల కాగితం మీద అంగుళాలతో సహా బొమ్మ గీసుకుని వెళ్లాను. ఎత్తు మూడడుగులు, గోడ నున్నగా ఉండవలెను అని రాశాను కూడా. చెంగప్ప ఆ కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని చూసి, మడిచి తొడ కింద పెట్టుకున్నాడు.

“అది సరే సామీ. లోపల ఎంత లావు కట్టె బెడతారు? ఎంతమంది కూసుంటారు? ఆడ గాలి యాపక్కనుంచి కొడతాది?”

నా బొమ్మలో ఈ మూడింటికీ జవాబు లేదు.

పది రోజులకు రమ్మన్నాడు. వెళితే కుండలు కాల్చే ఆవం పక్కన రెండు కుండలు ఉన్నాయి. రెండూ కింది సగం కుమ్మరిసారె మీద తిప్పి, పై సగం చేత్తో పేర్చి చెక్కతో తట్టినవి. మీ కాయితం మాదిరి ఒకటి, నా మాదిరి ఒకటి అన్నాడు. నా కాగితం ప్రకారం చేసినది నున్నగా, ఎర్రగా, పెళ్లిపందిట్లో పెట్టదగినట్టు ఉంది. వేలితో కొడితే గణగణమంది. రెండోది లావు, గరుకు, ఒక పక్క పొగపట్టి నల్లగా పెద్ద మచ్చ. కొడితే దబ్బుమంది. నల్లదాన్నే తీసుకొమ్మని చెంగప్ప చెప్పాడు. కాలడం చెడిపోయిన సరుకును సర్కారుకు అంటగడుతున్నాడని నాకు అనుమానం. కుండ మోగితేనే మంచిదని మా అమ్మ సంతలో కొట్టి చూసి కొనేది. నేనూ నాలుగుసార్లు కొట్టి చూసి, ఎర్రదే కావాలన్నాను. చెంగప్ప గడ్డం గోక్కుని ఊరుకున్నాడు. వారం రోజులు చిన్న మంట మాత్రమే పెట్టాలని, తడి తగలనీయరాదని మాత్రం రెండుసార్లు చెప్పాడు. నోటు పుస్తకంలో రాసుకున్నాను.

దాన్ని వరిగడ్డిలో పొదిగి కొండ కింద వరకు బండి మీద, అక్కడి నుంచి దుడ్డుకర్రకు తాళ్లతో వేలాడదీసి ఇద్దరు మనుషుల భుజాల మీద గుడిసెకు చేర్చాం. బుధవారం పొద్దున బోడిబండ మీద మూడు చప్పటి రాళ్లు పరిచి నిలబెట్టి, అడుగున ఇసుక పోశాం. ముట్టించబోయేంతలో మునస్వామి భార్య నరసమ్మ చెంబు నిండా పాలతో కొండెక్కి వచ్చింది.

“కొత్త పొయ్యి సామీ. పాలు పొంగకుండా ఎట్ల ముట్టించేది?”

కాదనడానికి నాకు నోరు రాలేదు. మా ఇంట్లో అయినా అంతే కదా. కొత్త ఇంట్లో, కొత్త పొయ్యి మీద మొదట పొంగేది పాలే. పైగా ఒకరి కూడు దీని మీద ఆధారపడి ఉంది. మంచి జరగాలని అందరికన్నా నాకే ఎక్కువ ఉంది. పాలు చట్టిలో పోసి, పొగగొట్టం మూతి మీద కూర్చోబెట్టి కింద చిన్న మంట వేశాం. చిన్న మంటకు, అంత ఎత్తున ఉన్న పాలు వెచ్చబడనైనా లేదు. గడియారం చూశాను. పన్నెండుకు పది నిమిషాలు. బుధవారం పన్నెండు దాటితే రాహుకాలం.

“ఇంకో నాలుగు కట్టెలు వెయ్యవయ్యా” అన్నాను.

మునస్వామి కట్టె చేతిలో పట్టుకుని ఆగాడు. “సామీ, సెంగప్ప సిన్న అగ్గి అన్నాడు కదా.”

పాలు పొంగాక చిన్నది చేద్దువులే, ముందు వెయ్యి అని గట్టిగా చెప్పాను. వేశాడు. మంట భగ్గుమంది. సరిగ్గా రెండు నిమిషాలు ఉన్నాయనగా పాలు నురగ కట్టి పైకి లేచి, మెడ మీదుగా కడుపు మీదికి బుసబుసమంటూ జారాయి. నరసమ్మ చేతులెత్తి గోవిందా అంది. మేమంతా గోవిందా అన్నాం. మూడో గోవింద నోట్లో ఉండగానే టప్ మని చప్పుడు వచ్చింది. నోటి దగ్గర నుంచి అడుగు దాకా వేలు దూరేంత పగులు. చూస్తుండగానే ఎర్రటి సగం బండ మీద దొర్లి పెంకులైంది.

నరసమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అపశకునమని ఆమె భయం. సోమవారానికి ఇంక నాలుగు రోజులు. చట్టిలో మిగిలిన పాలు పారబోయకూడదని నరసమ్మ అందరికీ తలా ఇంత పోసింది. అంత దిగులులోనూ ఆ పాలు చాలా రుచిగా ఉన్నాయని నాకు బాగా గుర్తు.

ఆ మధ్యాహ్నమే చెంగప్ప దగ్గరికి పరుగెత్తాను. దాచకుండా అంతా చెప్పాను. అతను నవ్వి నవ్వి దగ్గు తెప్పించుకున్నాడు. తేరుకున్నాక నాకు పాఠం చెప్పాడు. మోగే కుండ నీళ్ల కుండ. దాని మట్టి మెత్తన, బిగువు ఎక్కువ, కాలడం ఎక్కువ. ఒక్కసారిగా వేడి తగిలితే సాగలేక పగులుతుంది. కాలే గోడ మీద తడి పడితే ఇంక చెప్పనే అక్కరలేదు. నిప్పు కుండ మట్టిలో ఇసుక, ఊక దండిగా కలపాలి. లోపల సన్నటి సందులు ఉంటే మట్టి వేడికి సాగి సర్దుకుంటుంది. అందుకే అది మోగదు, దబ్బుమంటుంది. నల్లమచ్చ పొగదే, చేటేమీ లేదు.

ఇదంతా ముందే ఎందుకు చెప్పలేదని కాస్త కోపంగా అడిగాను.

“మీరు నాలుగుతూర్లు కొట్టి సూసినారు గదా సామీ. తెలిసినోళ్లే అనుకుంటి” అన్నాడు.

నల్లకుండను ఇచ్చాడు కానీ ఒంటరిగా పంపలేదు. “మీ సేతికిస్తే ఇది గూడా పాలు తాగతాది” అని తనే గొంగడి తీసుకుని వెంట వచ్చాడు. గురువారం నుంచి ఆదివారం దాకా ఆ గుడిసె ముందు చెంగప్పే రేంజరు, నేను వాచరును. వారం పట్టే పనిని నాలుగు రోజుల్లో చేయాలి కనుక రోజుకు మూడు మంటలు. మొదటి రోజు గుప్పెడు ఎండాకులు, చీపురు పుల్లలు, అంతే. గోడ మీద అరచేయి ఆనించి ఉంచగలిగేంత వేడి దాటకూడదు. తర్వాత పూర్తిగా చల్లారాలి. చల్లారాక మళ్లీ ఇంకొంచెం పెద్ద మంట. ఇసుక అడుగున చాలదని, నోటికి జానెడు కిందవరకూ పోయించాడు. నిప్పు ఇసుక మీద ఉండాలి కానీ మట్టిని తాకి కూర్చోకూడదట. మంచు పడకుండా పొద్దు గూకగానే ఈతచాప కప్పేవాళ్లం, చల్లారిందో లేదో చేత్తో చూసిన తర్వాతే. సన్నటి నెర్రెలు కనిపించిన చోట ఎర్రమట్టీ పేడా కలిపి నరసమ్మ పలుచగా అలికింది. మంట ఆపాలంటే నీళ్లు చల్లరాదు. నోటికి పెంకు అడ్డం పెట్టి దానంతట అది చల్లారనివ్వాలి. కట్టెలు ఎండు తుమ్మ, సండ్ర మాత్రమే, బొటనవేలి లావుకు మించనివి. వెదురు ముట్టుకోకూడదు, అది గణుపుల దగ్గర పేలి రవ్వలు చిమ్ముతుంది. పొగగొట్టం మూతి మీద చిల్లుల మూకుడు ఒకటి బోర్లించాడు. పొగ పోతుంది, రవ్వ ఆగుతుంది. నా బొమ్మలో ఆ మూకుడు కూడా లేదు.

సోమవారం పొద్దు వాలే వేళకు డి.ఎఫ్.ఓ. గారు వచ్చారు. తంజావూరు వైపు పెద్దమనిషి. మాటలు తక్కువ, చేతికర్ర ఎక్కువ. ఆయన నవ్వగా చూసినవాళ్లు శాఖలో లేరని ప్రతీతి. కుండ చుట్టూ కర్రతో కొట్టి చూశారు. దబ్బుమంది. ముఖం చిట్లించారు. గాలి పోయే దిక్కున ఎండుగడ్డి పరిపించి, దాని పక్కన తెల్లగుడ్డ పరవమన్నారు. రవ్వ పడితే చిల్లు దాచలేదు కదా. కొండ మీద తెల్లగుడ్డ అంటే నా కొత్త పంచె ఒక్కటే ఉంది. పరిచాను. మునస్వామి ముట్టించాడు. గాలి బాగానే వీస్తోంది. ఆయన అరగంట నిలబడే ఉన్నారు, నడుమ నడుమ స్వయంగా కర్రతో నిప్పు కెలికారు కూడా. తర్వాత పంచెను రెండు చేతులా ఎత్తి ఆకాశానికి పట్టి చూశారు. కొంచెం బూడిద తప్ప ఒక్క చిల్లు లేదు.

గట్టెక్కాం అనుకున్నాను. అప్పుడు ఆయన చూపు గుడిసె పక్కన పేర్చి ఉన్న ఎర్రటి పెంకుల మీద పడింది. అవేమిటని అడిగారు. పాతకుండలండీ అనడానికి నేను నోరు తెరిచేలోపే మునస్వామి చెప్పేశాడు.

“ఇంతకు ముందుది సామీ. పగిలిపాయ. అగ్గి ఎక్కువైనాది. కట్టెలు బెట్టింది నేనే.”

చేతిలో పుస్తకం ఉన్న డి.ఎఫ్.ఓ. గారు పెన్ను తీశారు. ఒక నెలలో రెండుసార్లు నిప్పుతో అజాగ్రత్త. ఆయన ఏం రాయబోతున్నారో నాకు అక్షరం అక్షరం కనపడింది. నేను నోరు మూసుకుంటే చాలు, నా ఫైలుకు మచ్చ ఉండదు. మునస్వామి అబద్ధం కూడా చెప్పలేదు. కట్టెలు పెట్టింది అతనే. నా వైపు చూడనైనా లేదు.

వద్దన్నా పెట్టించింది నేనండీ అన్నాను. ఎందుకు పెట్టించావని అడిగారు. బుధవారం, పన్నెండుకు పది నిమిషాలు, పాలు ఇంకా పొంగలేదు అని చెప్పాను. ఆయన పెన్ను పుస్తకం మీదే ఆగింది.

“రాహుకాలమా?” అన్నారు.

అవునన్నాను. ఆయన పొట్ట ముందు కదిలింది, తర్వాత భుజాలు, ఆ తర్వాత నవ్వు బయటికి వచ్చింది. తమ ఇంట్లో అయితే పదకొండుకే పాలు పెట్టేవాళ్లమని చెప్పి మళ్లీ నవ్వారు. చెంగప్ప, నరసమ్మ, మునస్వామి అందరూ నవ్వారు. నేను మాత్రం పంచె మడతపెట్టుకున్నాను.

వారానికి తనిఖీ నోటు వచ్చింది. మూడే అంశాలు. వాచరు మునస్వామిని కొనసాగించవలెను. మిగతా మూడు గుడిసెలకూ ఇదే మాదిరి మట్టి నెగళ్లు చేయించవలెను. రేంజరు నెగడు వెలిగించు విధానమును సదరు వాచరు వద్ద నేర్చుకొనవలెను. ఆ మూడో అంశం నా సర్వీసు రికార్డులో రిటైరయ్యేదాకా ఉంది. దానివల్ల నా ఉద్యోగం ఖాయం కావడానికి ఆరు నెలలు ఆలస్యమైంది.

ఆ తర్వాత ముప్పై ఏళ్ల సర్వీసులో ఎన్నో రేంజుల్లో ఏటా వాచర్లను నేనే ఎంపిక చేశాను. వచ్చినవాళ్లందరినీ ఒకటే ప్రశ్న అడిగేవాణ్ణి, నువ్వు వేసిన మంట ఎన్నడైనా అదుపు తప్పిందా అని. ఎప్పుడు, ఎలా తప్పిందో చెప్పినవాళ్లను పనిలోకి తీసుకున్నాను. ఎన్నడూ తప్పలేదన్నవాళ్లను ఇంటికి పంపేశాను.